ఎవరి వైపు నుంచి చూస్తున్నాం? గురజాడ అప్పారావు గారి జీవితం



గ్రేటర్ నోయిడాలో ఉంటున్న మన ఇళ్ళల్లో కొన్నేళ్ళకొకసారి తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. అది బదిలీ. ఆర్డరు ఒకటే, కాగితం ఒకటే. కానీ ఆ కథను ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. నాన్నగారు చెబితే అందులో కొత్త ఆఫీసు, చేరాల్సిన తేదీ, క్వార్టర్ దొరుకుతుందా లేదా అన్న ఆలోచన ఉంటాయి. అమ్మ చెబితే అట్టపెట్టెలు, గ్యాస్ కనెక్షన్, మీ టీసీలు ఉంటాయి. మీరు చెబితే బెంచీలో పక్కన కూర్చునే స్నేహితుడు ఉంటాడు. ఊళ్ళో ఉన్న తాతయ్య చెబితే, పిల్లలు ఈసారైనా దగ్గరికి వస్తున్నారా, ఇంకా దూరం పోతున్నారా అన్న లెక్క ఉంటుంది.

జరిగింది ఒక్కటే. చూసే చోటు మారింది. కథల పాఠాల్లో దీన్నే దృష్టికోణం అంటారు. ఆ కథ అడుగున ఉండి మనకు చెప్పే ఆలోచనను ఇతివృత్తం అంటారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా తెలుగైనా, హిందీ అయినా, ఇంగ్లీషైనా ఈ రెండు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటాయి. చాలామంది తడబడేదీ ఇక్కడే.

ఈ రెండింటినీ నిర్వచనాలతో కాకుండా తన రచనలతోనే తెలుగువాళ్ళకు చూపించిన ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయనే గురజాడ వెంకట అప్పారావు గారు. ఆయన జీవితం చదువుతూ పోతే ఈ పాఠం కూడా దాంతోపాటే వచ్చేస్తుంది.

ఉద్యోగి ఇంటి పిల్లవాడు

అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న మేనమామ గారి ఇంట్లో, ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో పుట్టారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి. పేష్కారుగా, రెవెన్యూ సూపర్‌వైజరుగా, ఖిలేదారుగా పనిచేశారు. ఆయనకు చీపురుపల్లిలో ఉద్యోగం ఉన్న రోజుల్లో అప్పారావు గారి చిన్నప్పటి చదువు అక్కడే సాగింది. తండ్రి పని ఎక్కడుంటే పిల్లల బడి అక్కడే అన్న మాట మనకు కొత్తది కాదు కదా.

ఇంతలో తండ్రి చనిపోయారు. ఇల్లు గడిచే దారి లేదు. పిల్లవాడు చదువుకోసం విజయనగరం చేరాడు. అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు అతన్ని ఆదరించి, ఉండడానికి చోటు, తినడానికి తిండి ఏర్పాటు చేశారు. ఇంకొకరి ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవాడు ఆ ఇంటిని బయటివాడిగానూ చూస్తాడు, లోపలివాడిగానూ చూస్తాడు. ఎవరు ఎలా మాట్లాడతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు నోరు మెదపరు అన్నవి అలాంటి పిల్లలకు తొందరగా తెలుస్తాయి. పెద్దయ్యాక అప్పారావు గారి రచనల్లో కనిపించే చూపు ఇలాంటిదే.

విజయనగరంలో ఆయనకు ఒక సహాధ్యాయి దొరికాడు. పేరు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన తండ్రి కూడా విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగే. ఆయనా చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నవారే. ఆ గిడుగు వారి పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఒకే ఊళ్ళో కలిసి చదువుకున్న ఈ ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక తెలుగు పుస్తకాల భాషనే మార్చే పనిలో జతకలిశారు. ఆ సంగతి తరవాత చెప్పుకుందాం.

అప్పారావు గారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తిచేశారు. అదే ఏడు మహారాజా హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. పనిచేస్తూనే 1886లో బి.ఏ. ముగించారు. కొన్నాళ్ళు డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా ఉండి, 1887లో మహారాజా కళాశాలలో లెక్చరరుగా వచ్చారు. ఇంగ్లీషు వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, అనువాదం, గ్రీకు రోమను చరిత్రలు పాఠాలుగా చెప్పేవారు.

ఏ భాషలో నిలబడి చూడాలి?

చదువుకునే రోజుల్లో అప్పారావు గారు ఇంగ్లీషులో కవిత్వం రాసేవారు. సారంగధర అనే ఆయన ఇంగ్లీషు కావ్యం 1883లో పత్రికలో అచ్చయింది. కలకత్తాలో పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దాన్ని చదివి మెచ్చుకుని, తన పత్రికలోనూ వేసుకున్నారు. మెచ్చుకోవడంతో ఆగలేదు. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా అది పరాయి భాషే కాబట్టి, సొంత భాషలో రాస్తేనే పూర్తి శక్తి బయటపడుతుందని సలహా ఇచ్చారు.

ఈ సలహా చిన్నదేమీ కాదు. ఇంగ్లీషులో రాస్తే పేరు కలకత్తాదాకా పోతుంది. తెలుగులో రాస్తే చదివేది తమ జిల్లాల వాళ్ళే. కానీ తన చుట్టూ ఉన్న మనుషుల గురించి ఇంగ్లీషులో రాసినప్పుడు వాళ్ళను దూరం నుంచి చూపించినట్టు అవుతుంది. వాళ్ళు వంటింట్లో, వీధి అరుగు మీద మాట్లాడే మాటల్లో రాస్తే వాళ్ళ పక్కన నిలబడి చూపించినట్టు అవుతుంది. అప్పారావు గారు రెండోదే ఎంచుకున్నారు. కథను ఎవరు చెబుతున్నారన్నదే కాకుండా, ఏ భాషలో చెబుతున్నారన్నది కూడా దృష్టికోణంలో భాగమే.

బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడి, ఇంటికొచ్చి తెలుగులో అమ్మకు ఆ కబుర్లు చెప్పే మీకు ఇది అనుభవమే. ఒకే జోకు ఒక భాషలో నవ్విస్తుంది, ఇంకో భాషలో చప్పబడిపోతుంది.

లెక్కలోంచి నాటకం

ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల్లో ఆడపిల్ల తండ్రి డబ్బు తీసుకుని, పసిపిల్లను వయసు మీరిన వాడికిచ్చి పెళ్ళి చేసేవాడు. ఆ డబ్బునే కన్యాశుల్కం అనేవారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. వాటిలో 99 మంది పిల్లల వయసు ఐదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఏడాది మాత్రమే. ఈ అంకెలను అప్పారావు గారు తన నాటకం ముందుమాటలో రాశారు.

అంకెలు చదివి అయ్యో అనుకుంటాం, మరుసటి రోజు మరచిపోతాం. మరచిపోకుండా ఉండాలంటే ఆ 1034 మందిలో ఒక్కరి ఇంటి తలుపు తీసి చూపించాలి. కన్యాశుల్కం నాటకం ఆ పని చేసింది. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించారు. 1897లో పుస్తకంగా వచ్చింది. అప్పారావు గారు దాన్ని మళ్ళీ ఎంతో పెంచి, మార్చి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండో కూర్పునే.

కథ స్థూలంగా ఇది. అగ్నిహోత్రావధానులు అనే కోపిష్ఠి తండ్రి తన చిన్న కూతురు సుబ్బిని డబ్బు కోసం లుబ్ధావధానులు అనే ముసలివాడికి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. తల్లి ఏడుస్తుంది. మేనమామ కరటక శాస్త్రి ఒక ఉపాయం పన్నుతాడు. తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ ముసలివాడి దగ్గరకు పెళ్ళికూతురుగా పంపిస్తాడు. సుబ్బి అన్న వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుకుంటూ పరీక్ష తప్పిన కుర్రవాడు. వాడికి పాఠాలు చెప్పే నెపంతో గిరీశం అనే మాటకారి ఆ ఇంట్లో చేరతాడు. ఇలా నవ్విస్తూనే నాటకం సాగుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి.

మొదటిది, నాటకంలో కథకుడు ఉండడు. జరిగినది ఇలా అని చెప్పే గొంతు ఒక్కటీ లేదు. ప్రతి మనిషీ తన వైపు నుంచి తానే మాట్లాడతాడు. తండ్రికి అది తన హక్కు. ముసలివాడికి అది బేరం. తల్లికి అది గుండెకోత. మధ్యవర్తికి అది నాలుగు డబ్బులు దొరికే పని. అందుకే అప్పారావు గారు అందరి చేతా ఒకే పుస్తకాల భాష మాట్లాడించలేదు. ఎవరి నోటికి తగిన మాట వాళ్ళకిచ్చారు. వాళ్ళ మాట తీరులోనే వాళ్ళ చూపు తెలుస్తుంది. ఇంట్లో అందరూ సుబ్బి పెళ్ళి గురించే కొట్లాడుకుంటారు. నీకు ఇష్టమేనా అని ఆ పిల్లను అడగాలని మాత్రం ఎవరికీ తోచదు. ఎవరి దృష్టికోణం కథలో వినిపించడం లేదో కనిపెట్టడం కూడా పాఠంలో భాగమే.

రెండవది ఇంకా ముఖ్యం. గిరీశం సంఘసంస్కరణ గురించి బ్రహ్మాండమైన ఉపన్యాసాలు ఇస్తాడు. వింటే అతనే ఈ నాటకంలో మంచివాడేమో అనిపిస్తుంది. కానీ అతను ఏం చేస్తున్నాడో చూస్తే ప్రతి మాట వెనకా స్వలాభం కనిపిస్తుంది. మరోపక్క ఊరంతా చిన్నచూపు చూసే మధురవాణి, సుబ్బిని కాపాడే పనికి సాయపడుతుంది. అంటే ఒక పాత్ర గట్టిగా చెప్పిన మాటే రచయిత మాట అనుకోకూడదు. పాత్రలు చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడా చూస్తేనే ఇతివృత్తం దొరుకుతుంది. పరీక్షలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పాఠంలో ఎవరో ఒకరు చెప్పిన పెద్ద మాటను తెచ్చి అదే ఇతివృత్తమని రాసేస్తారు.

ఈ నాటకం 1955లో సినిమాగా కూడా వచ్చింది. ఎన్.టి. రామారావు, సావిత్రి నటించారు. సెలవుల్లో అమ్మమ్మావాళ్ళతో కలిసి చూడండి. వాళ్ళకు ఏ పాత్ర నచ్చిందో, ఎందుకు నచ్చిందో అడగండి.

మంచం కింద ఉన్న కథ

1897లో ఆనంద గజపతి మరణించారు. ఆ తరవాత అప్పారావు గారు ఆయన సోదరి, రీవా మహారాణి దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. రీవా అంటే ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని ఊరే. ఆమె ఆ ఇంటి కోడలు కాబట్టి రీవా రాణి అనేవారు. సంస్థానం వ్యవహారాలతో, కోర్టు పనులతో ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి. ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే. అయినా ఆయన రాసిన గొప్ప రచనల్లో చాలా భాగం చివరి ఐదారేళ్ళలో వచ్చినవే.

1910లో ఆంధ్రభారతి పత్రికలో ఆయన కథ దిద్దుబాటు అచ్చయింది. ఆధునిక తెలుగు కథకు ఇదే మొదలని చాలాకాలం చెప్పుకున్నారు. అంతకు ముందే, 1902లో భండారు అచ్చమాంబ గారు ధనత్రయోదశి అనే కథ రాశారని, మొదటి స్థానం ఆమెదే అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. చూశారా, సాహిత్య చరిత్రను కూడా ఎటు నుంచి చూస్తున్నామన్న దాన్నిబట్టి కథ మారుతుంది.

దిద్దుబాటు చాలా చిన్న కథ. గోపాలరావు చదువుకున్నవాడు. రాత్రిళ్ళు ఆటపాటలకు పోయి ఆలస్యంగా ఇంటికి వస్తుంటాడు. భార్య కమలిని కూడా చదువుకున్నదే. ఒక అర్ధరాత్రి దాటాక అతను వచ్చి చూస్తే ఇంట్లో ఆమె లేదు. నౌకరు రాముణ్ణి లేపి కేకలేస్తాడు. చివరికి బల్ల మీద ఒక ఉత్తరం కనబడుతుంది. తాను పుట్టింటికి వెళ్ళిపోతున్నట్టు కమలిని అందులో రాసింది. అది చదివి గోపాలరావు కుమిలిపోతాడు, తన తప్పు తెలుసుకుంటాడు. అప్పుడు మంచం కింద నుంచి చప్పుడు వినిపిస్తుంది. కమలిని ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. కథ చదివేటప్పుడు కమలిని ఇంట్లోనే ఉందని మనకెందుకు తెలియలేదు? ఎందుకంటే రచయిత మనల్ని గోపాలరావు పక్కన నిలబెట్టారు. కథలో నేను అనే మాటతో చెప్పేవాళ్ళు లేరు. బయటి నుంచి ఎవరో చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ చెప్పే గొంతు గోపాలరావును వదిలిపెట్టదు. అతను చూసిందే మనం చూస్తాం, అతనికి తెలియనిది మనకూ తెలియదు. అతని భయం, సిగ్గు, పశ్చాత్తాపం మనవి కూడా అవుతాయి.

ఇదే కథను మంచం కింద కూర్చున్న కమలిని చెబితే? ఆమె ఎక్కడుందో అన్న ఉత్కంఠ పోతుంది. దాని బదులు, ఎన్ని రాత్రులు ఎదురుచూస్తే ఇంత పని చేయాల్సి వచ్చిందన్న కథ వస్తుంది. మంచి నిద్రలో లేచి, చేయని తప్పుకు తిట్లు తిన్న రాముడు చెబితే? యజమాని కోపానికి నౌకరు ఎందుకు గురికావాలన్న కథ వస్తుంది. సంఘటనలు మారలేదు, మంచం మారలేదు, ఉత్తరం మారలేదు. కథ మాత్రం మూడు కథలైంది.

ఇతివృత్తం సంగతి చూద్దాం. భార్య మంచం కింద దాక్కుందని రాస్తే అది కథలో జరిగిన సంగతి మాత్రమే. ఆడవాళ్ళ చదువు అని రాస్తే అది కథ విషయం. ఇతివృత్తం ఒక పూర్తి వాక్యంగా ఉండాలి. చదువుకున్న భార్య గొడవపడకుండా, తెలివితో భర్త చేత తన తప్పును తానే తెలుసుకునేలా చేయగలదు అని రాస్తే అది ఇతివృత్తం. దానికి రుజువు కథలోనే ఉంది. భర్తను మార్చింది కేకలు కాదు, ఒక ఉత్తరం. రాయడం వస్తేనే కదా ఉత్తరం. రుజువు చూపించలేని ఇతివృత్తం ఊహ మాత్రమే అవుతుంది.

నేను అన్నంత మాత్రాన

మెటిల్డా అనే మరో కథలో అప్పారావు గారు వేరే పద్ధతి పట్టారు. అందులో చదువుకునే ఒక యువకుడు నేను అంటూ కథ చెబుతాడు. మెటిల్డా అనే ఆమె గురించి, ఆమె భర్త గురించి అతనికి తెలిసినంతే మనకూ తెలుస్తుంది. అతను పొరబడిన చోట మనమూ పొరబడతాం. ఆ నేను అప్పారావు గారు కాదు. రచయిత వేరు, కథకుడు వేరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పాఠం వచ్చినట్టే.

మీ హిందీ పాఠాల్లోనూ ఇదే ఉంది. ప్రేమ్‌చంద్ గారి బడే భాయీ సాహబ్ కథను తమ్ముడు చెబుతాడు. అందుకే అన్నయ్య చదువు మీద మనకు నవ్వొస్తుంది, చివరికి వచ్చేసరికి అన్నయ్య మీద గౌరవమూ కలుగుతుంది. అదే కథ అన్నయ్య చెబితే తన ఆటలన్నీ మానుకుని తమ్ముడికి దారి చూపాల్సిన పిల్లవాడి బాధ ముందు కనిపించేది. మనం ఉంటున్న ఈ ఉత్తరప్రదేశ్‌లోనే ప్రేమ్‌చంద్ కూడా బడిపంతులుగా, స్కూళ్ళ సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. పిల్లల మధ్య పనిచేసిన ఇద్దరు రచయితలూ, ఒకరికొకరు దూరంగా ఉండి, చిన్నవాళ్ళ వైపు నుంచి, బలం లేనివాళ్ళ వైపు నుంచి లోకాన్ని చూపించారు.

అప్పారావు గారి కవిత్వంలోనూ ఇదే చూపు. 1910లో ముత్యాల సరాలు అనే కొత్త నడకలో రాయడం మొదలుపెట్టారు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ గేయంలో ముసలివాడికి కట్టబెట్టిన ఒక పూజారి కూతురు ఇంట్లోవాళ్ళ దగ్గర సెలవు తీసుకుంటుంది. కన్యాశుల్కం నాటకంలో ఎవరూ అడగని సుబ్బి లాంటి పిల్లకు ఇక్కడ గొంతు దొరికింది. విషయం అదే, ఇతివృత్తమూ దగ్గరదే. నాటకంలో మనం నవ్వుతూ ఆలోచిస్తాం, గేయంలో గొంతు పట్టేస్తుంది. కారణం, ఇక్కడ మనం ఆ పిల్ల పక్కన నిలబడి ఉన్నాం.

ఆ కాలంలోనే రాసిన దేశభక్తి గేయం మీలో చాలామందికి కంఠతా వచ్చి ఉంటుంది. పటంలో గీతలను కాకుండా, అందులో బతికే మనుషుల తిండిని, ఒంట్లో బలాన్ని, చేతిపనిని, కలిసిమెలిసి ఉండడాన్ని చూసి దేశాన్ని కొలిచిన గేయం అది. తెలుగు ఊళ్ళో పుట్టి, ఎక్కడెక్కడో చదువుకుంటున్న మీలాంటి పిల్లలకు అది మరీ దగ్గరగా అనిపిస్తుంది.

ఓడిపోయిన వాదం

ఇప్పుడు బడుల సంగతి. అప్పట్లో తెలుగు పుస్తకాలన్నీ గ్రాంథికంలో ఉండేవి. ఇంట్లో ఎవరూ మాట్లాడని మాటల్లో పాఠం ఉంటుంది. పిల్లలు ఆ మాటలకు అర్థాలు బట్టీపట్టడంతోనే గంట అయిపోతుంది. కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నారు, దాని సారం ఏమిటి అని ఆలోచించే తీరిక ఎక్కడ? 1906, 1907 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో చెప్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకన్న సందేహం వచ్చింది. గిడుగు వారు, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, అప్పారావు గారు ఆయనతో కలిసి, వాడుక భాషలో చదువు చెప్పాలని వాదించారు.

1911లో అప్పారావు గారు మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యులయ్యారు. విద్యార్థులు తెలుగు వ్యాసాలను ఏ భాషలో రాయాలన్న వివాదం పెద్దదైంది. ఎక్కువమంది పండితులు పాత భాషే ఉండాలన్నారు. 1914లో అప్పారావు గారు ఒక్కొక్క కారణం వివరిస్తూ, ఉదాహరణలు చూపిస్తూ పెద్ద అసమ్మతి పత్రం రాశారు. అప్పటికి ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది అయింది, ఆరోగ్యం బాగా దెబ్బతింది. అయినా ఆయన రాసింది తన పుస్తకాల కోసం కాదు, పరీక్ష హాల్లో కూర్చుని తన మాటలో తాను రాయలేకపోతున్న పిల్లవాడి కోసం. వాదం మాత్రం ఓడిపోయింది. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు.

గెలుపు చూడడానికి ఆయన లేరు. గిడుగు వారు 1940లో చనిపోయేవరకు ఆ పోరాటం కొనసాగించారు. ఈరోజు మీ చేతిలో ఉన్న తెలుగు వాచకం, ఈ పత్రికలో మీరు చదువుతున్న ఈ వ్యాసం వాడుక భాషలో ఉన్నాయంటే ఆ ఓడిపోయిన వాదం చివరికి నిలబడినట్టే.

మీ వంతు

అప్పారావు గారి దగ్గర నేర్చుకున్న పద్ధతిని ఏ పాఠానికైనా వాడుకోవచ్చు. కథ చదవగానే ముందు కథ చెప్పేది ఎవరో చూడండి. నేను, మేము అన్న మాటలుంటే కథలో ఉన్నవాళ్ళే చెబుతున్నారు. లేకపోతే ఆ బయటి గొంతు ఎవరి వెంట నడుస్తోందో, ఎవరి మనసులోని మాట మనకు చెబుతోందో చూడండి. తరవాత, ఎవరి గొంతు వినపడడం లేదో వెతకండి. ఆ తరవాత, మొదట్లో ఒకలా ఉండి చివరికి మారిన మనిషి ఎవరో, ఏది మార్చిందో కనిపెట్టండి. ఆ మార్పును ఒక పూర్తి వాక్యంలో, పేర్లు లేకుండా రాస్తే ఇతివృత్తం మీ చేతికొస్తుంది. చివరగా, కథలో రెండు చోట్ల వేలుపెట్టి రుజువు చూపించండి.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో జరిగిన చివరి బదిలీ కథను ముందు మీరు రాయండి. తరవాత అదే కథను అమ్మ చెప్పినట్టుగా నేను అంటూ రాయండి. రెండోది రాయాలంటే అమ్మను కొన్ని ప్రశ్నలు అడగక తప్పదు. కొత్త ఊళ్ళో మొదటి వారం ఆమెకు ఎలా గడిచిందో అప్పుడు తెలుస్తుంది. ఇన్నాళ్ళూ మనం అడగలేదే అని కూడా అనిపించవచ్చు.

విజయనగరంలో అప్పారావు గారు ఉన్న ఇల్లు స్మారకంగా ఇప్పటికీ ఉంది. వేసవి సెలవులకు ఆ వైపు వెళ్ళేవాళ్ళు తప్పక చూసి రండి. పుస్తకాల్లో మనం మాట్లాడే మాటకు చోటిప్పించడానికి పాటుపడిన పంతులుగారి ఇల్లది.